ఫాంటమ్ పెయిన్ స్పెషల్: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఓపెన్ వరల్డ్ (పెద్ద మ్యాప్‌లో మనిష్టమొచ్చినట్టు తిరిగే) స్టెల్త్ (దొరక్కుండా దాక్కుంటూ ఆడే) గేమ్స్ గురించి రాస్తూ మెటల్ గేర్ సాలిడ్ 5: ద ఫాంటమ్ పెయిన్ పేరు ఎత్తానో లేదో, ఈ నెల వచ్చిన ఉత్తరాలు, మెయిల్స్ దాదాపు అన్నీ దాని మీదే. 2015 సెప్టెంబర్ 1న రిలీజైన గేమ్ ఇది, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఇప్పుడే మొదలుపెట్టేవాళ్ళు ఇంతమంది ఉన్నారని తెలిసి చాలా సంతోషమేసింది, అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు: హిడియో కోజిమా డైరెక్ట్ చేశాడు, కథ 1984లో జరుగుతుంది, మనం బిగ్ బాస్ అనే బిరుదున్న స్నేక్ అనే సైనికుడు, తొమ్మిదేళ్ళు కోమాలో ఉండి లేచి, ముందు సోవియట్ సైన్యం ఉన్న అఫ్గానిస్తాన్‌లోకి, తర్వాత అంగోలా-జైర్ సరిహద్దు వైపు దొంగచాటుగా వెళ్ళి పని చూసుకుని రావాలి. చివరి ప్రశ్నల్లో కథంతా బయటపడిపోతుంది, అక్కడ ముందే చెప్తాను, గేమ్ పూర్తి చేయనివాళ్ళు దయచేసి అక్కడితో ఆపేయండి.

ప్రశ్న: అన్నా, నేను ఇప్పటిదాకా జీటీఏ, పబ్జీ తప్ప ఏమీ ఆడలేదు. ఫ్రెండ్ చెప్పాడని ఇది మొదలుపెట్టా, ఏ క్యాంప్‌కి వెళ్ళినా రెండు నిమిషాల్లో దొరికిపోతున్నా. కాల్చుకుంటూ పోతే మిషన్ అయితే అవుతోంది గానీ మజా రావట్లేదు, ర్యాంకూ రావట్లేదు. ఎలా ఆడాలి?
(గుంటూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి)

తమ్ముడూ, కాల్చుకుంటూ పోవడం తప్పేం కాదు, గేమ్ దానికీ ఒప్పుకుంటుంది, కాకపోతే అలా ఆడితే అసలు రుచి సగం కూడా తెలీదు. ముందు ఒక్క అలవాటు మార్చుకో, క్యాంప్ కనపడగానే లోపలికి దిగొద్దు. దగ్గర్లో ఎత్తైన చోటు చూసుకుని పడుకుని బైనాక్యులర్స్ తియ్యి, ఒక్కో గార్డు మీద కాసేపు ఉంచు, వాడికి గుర్తు పడిపోతుంది, ఆ తర్వాత వాడు గోడ వెనకకి పోయినా ఎటు తిరుగుతున్నాడో నీకు తెలుస్తూనే ఉంటుంది. ఇది కబడ్డీ కూత లాంటిదనుకో, లోపలికి పోవడం ఎవడైనా పోతాడు, ఏ గీత దాటి ఎటు నుంచి వెనక్కి రావాలో ముందే చూసుకున్నవాడే బతికి బయటపడతాడు.

మూడో మిషన్ తీసుకుందాం, దాన్నే ప్రాక్టీస్‌గా వాడుకో. ద షాగో కల్లై అనే ఊళ్ళో ఒక స్పెట్స్‌నాజ్ (సోవియట్ ప్రత్యేక దళం) కమాండర్ ఉంటాడు, వాణ్ణి తీసేయమని పంపిస్తారు. చంపితే పాస్, కానీ మత్తిచ్చి, ఆకాశంలోకి లాగేసే బెలూన్ కట్టి మన బేస్‌కి ఎత్తుకొచ్చినా పాసే, పైగా వాడు మన టీమ్‌లో చేరతాడు. అందుకని రాత్రి పూట వెళ్ళు. ఇళ్ళ సందుల్లోంచి వంగి నడువు, పరిగెత్తితే చప్పుడుకి తిరుగుతారు. మత్తు పిస్టల్‌తో తలకి కొడితే అక్కడికక్కడే పడిపోతాడు, ఒంటి మీద తగిలితే మందు ఎక్కడానికి టైమ్ పడుతుంది, ఆ లోపు అరుస్తాడు. పడుకోబెట్టినవాణ్ణి దారిలో వదిలేశావనుకో, తోటి గార్డు చూసి తట్టి లేపుతాడు, ఇద్దరూ కలిసి వెతకడం మొదలుపెడతారు, కాబట్టి భుజాన వేసుకెళ్ళి చీకట్లో దాచు, లేదా బెలూన్ కట్టి పంపించెయ్. పిస్టల్ సైలెన్సర్ వాడేకొద్దీ అరిగిపోతుందని గుర్తుంచుకో, చాలామంది అక్కడే బుక్కవుతారు. ఖాళీ మ్యాగజీన్ ఒకటి పక్కకి విసిరితే ఆ శబ్దానికి గార్డు అటెళ్తాడు, దానికి ఖర్చేం లేదు, తెగ వాడు.

పెద్ద స్థావరాల్లో ఇంకో రెండు పనులుంటాయి. కరెంటు స్విచ్ కనిపిస్తే ఆపెయ్, లైట్లు పోతాయి, కెమెరాలు పోతాయి. రేడియో పరికరాలు పేల్చేస్తే ఆ స్థావరం వాళ్ళు హెడ్‌క్వార్టర్స్‌తో మాట్లాడలేరు, పక్క పోస్టు నుంచి సాయం రాదు. ఎవడైనా ఒంటరిగా దొరికితే వెనక నుంచి పట్టుకుని మెడ మీద కత్తి పెట్టి అడుగు, ఖైదీ ఎక్కడున్నాడో, సామాన్లు ఎక్కడున్నాయో చెప్తాడు. ఇక గార్డు నిన్ను చూసేసిన క్షణంలో టైమ్ నెమ్మదిస్తుంది చూడు, దాన్ని రిఫ్లెక్స్ మోడ్ అంటారు, ఆ కాస్త టైమ్‌లో వాణ్ణి పడుకోబెట్టగలిగితే ఏమీ జరగనట్టే. కొత్తలో అది ఆన్‌లోనే ఉంచుకో, చెయ్యి తిరిగాక సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసి ఆడు, గుండె దడ అంటే ఏంటో అప్పుడు తెలుస్తుంది. ర్యాంక్‌కి టైమ్ చాలా ముఖ్యం, దొరక్కుండా, ఎవర్నీ చంపకుండా చేస్తే బోనస్ పడుతుంది, కానీ మొదటిసారి ఆడేటప్పుడు ర్యాంక్ గురించి మర్చిపో, మిషన్ ఎన్నిసార్లైనా మళ్ళీ ఆడుకోవచ్చు.

ప్రశ్న: నా దగ్గర పాత పీసీ ఉంది, గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 650. ఆడుతుందా?
(విశాఖపట్నం)

ఆడుతుంది. కనీసం కావాల్సింది అని గేమ్ చేసినవాళ్ళు చెప్పిందే ఆ కార్డు, 2 జీబీ మెమరీ ఉన్నది, దాంతో పాటు ఐ5-4460 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, డిస్క్‌లో 28 జీబీ ఖాళీ. ఫాక్స్ ఇంజిన్ అని వాళ్ళ సొంత ఇంజిన్ (గేమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) మీద కట్టారు, తక్కువ మెషీన్ మీద ఇంత సాఫీగా నడిచే పెద్ద గేమ్స్ అరుదు. కొనేటప్పుడు డెఫినిటివ్ ఎక్స్‌పీరియన్స్ అనే ప్యాక్ చూసి తీసుకోండి, అందులో దీని ముందు భాగం గ్రౌండ్ జీరోస్ కూడా వస్తుంది, అది ముందు ఆడి ఇది మొదలుపెడితేనే స్నేక్ కోమాలోకి ఎందుకెళ్ళాడో అర్థమవుతుంది.

ప్రశ్న: బ్రదర్, ఆఫ్రికా దాకా వచ్చాను. ఈ మధ్య గార్డులందరూ హెల్మెట్లు పెట్టుకుని తిరుగుతున్నారు, నా మత్తు పిస్టల్ పనిచేయట్లేదు. రాత్రి వెళ్తే నైట్ విజన్ పెట్టుకుని ఉంటున్నారు. కావాలని గేమ్ నన్ను ఇరికిస్తోందా?
(హైదరాబాద్, కూకట్‌పల్లి)

ఇరికించట్లేదు, నిన్ను చదువుతోంది, ఈ గేమ్‌లో నాకు అన్నిటికంటే నచ్చే విషయం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. నువ్వు ఎలా ఆడుతున్నావో శత్రు సైన్యం గమనిస్తూ ఉంటుంది, నువ్వు అస్తమానం తలకి కొడుతుంటే వాళ్ళు హెల్మెట్లు తెప్పించుకుంటారు, రాత్రి పూటే వస్తుంటే నైట్ విజన్ గాగుల్స్, ఫ్లాష్‌లైట్లు వస్తాయి, గ్యాస్ వాడితే మాస్కులు, దూరం నుంచి స్నైపర్‌తో కొడుతుంటే వాళ్ళూ స్నైపర్లని నిలబెడతారు, దొంగచాటుగా దూరడంలో ఆరితేరిపోతే కెమెరాలు, మైన్లు, ఉత్తుత్తి బొమ్మ సైనికులు కూడా పెడతారు. అంటే నీ అలవాటే నీకు శత్రువు. ఏ గేమ్‌లోనైనా మనకి ఒక పద్ధతి కుదిరితే చివరిదాకా అదే రుద్దుతాం కదా, ఇక్కడ అలా కుదరదు, రెండు మూడు రకాలుగా ఆడటం నేర్చుకోవాల్సిందే.

దీనికి విరుగుడు కూడా ఉంది. మన బేస్‌లో ఉన్న సైనికుల్ని చిన్న చిన్న పనుల మీద పంపించవచ్చు కదా, ఆ లిస్టులో హెల్మెట్ల సప్లైని దెబ్బకొట్టే పని, నైట్ విజన్ సప్లైని దెబ్బకొట్టే పని విడివిడిగా ఉంటాయి. పంపించు, వాళ్ళు గెలిచి వస్తే కొన్నాళ్ళు క్యాంపుల్లో హెల్మెట్లు కనపడవు. నువ్వు పగలు అఫ్గాన్ కొండల్లో పడుకుని చూస్తున్న క్యాంప్‌లో గార్డు తల మీద ఏముందో, నువ్వు నిన్న రాత్రి ఎక్కడికో పంపిన మనుషులు తేల్చారన్నమాట. ఇలా ఒకదానికొకటి ముడిపడి ఉన్న గేమ్ ఇది, పైకి కనపడదు గానీ లోపల అంతా కలిసే ఉంటుంది.

ఈలోగా పిస్టల్ పక్కన పెట్టి దగ్గరికి వెళ్ళి పట్టుకోవడం ప్రాక్టీస్ చెయ్, హెల్మెట్ ఉన్నా మెడ దొరికితే ఒకటే. ఇసుక తుఫాను వచ్చినప్పుడు దాన్ని వదులుకోకు, వాళ్ళకి చెయ్యి చాపిన దూరం కనపడదు, నడిబొడ్డు నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. ఇంకోటి, చాలామందికి తెలియదు, కడుపు పాడైనవాడి శబ్దాలున్న టేప్ ఒకటి దొరుకుతుంది, క్యాంపుల్లో ఉండే టాయిలెట్ డబ్బాలో దాక్కుని అది ప్లే చేస్తే వెతకడానికొచ్చిన గార్డు తలుపు తీయకుండా వెళ్ళిపోతాడు. ఎవరో ఒక మనిషి కూర్చుని ఇంత చిన్న సంగతి కూడా ఆలోచించి పెట్టారంటే వాళ్ళ ఓపికకి దండం పెట్టాలనిపిస్తుంది.

ప్రశ్న: మనుషులకి బెలూన్ కట్టి ఆకాశంలోకి లాగేయడం మరీ అతిగా ఉంది సార్. అలాంటిది నిజంగా ఉందా?
(వరంగల్)

ఉంది సార్. రాబర్ట్ ఫుల్టన్ జూనియర్ అనే అమెరికన్ 1950ల్లో తయారుచేశాడు, ఆయన పేరు మీదే గేమ్‌లో కూడా ఫుల్టన్ అంటారు. మనిషికి పట్టీలు బిగించి, తాడు కట్టి, ఆ తాడుని బెలూన్‌తో పైకి లేపుతారు, ముక్కుకి కొమ్ముల్లాంటి రెండు కడ్డీలు బిగించిన విమానం వచ్చి ఆ తాడుని తగిలించుకుని మనిషిని లాక్కెళ్తుంది. 1962లో ఆపరేషన్ కోల్డ్‌ఫీట్ అని, ఆర్కిటిక్ మంచు మీద సోవియట్లు వదిలేసి వెళ్ళిన స్టేషన్‌లోకి ఇద్దరిని దింపి, పని అయ్యాక ఈ పద్ధతిలోనే వెనక్కి తీసుకొచ్చారు. గేమ్‌లో అతి ఎక్కడంటే, విమానం కనపడదు, గొర్రెకీ జీపుకీ కూడా బెలూన్ కట్టేస్తాం.

ప్రశ్న: ఓపెన్ వరల్డ్ అన్నారు, మ్యాప్ అంతా ఖాళీ. అదే సంవత్సరం వచ్చిన విచర్ 3లో ఊళ్ళు, జనం, పెళ్ళిళ్ళు, గొడవలు ఎన్ని ఉంటాయి. ఇందులో ఊరు అని పేరుంటుంది, ఒక్క మనిషి ఉండడు. దీన్ని ఎందుకింత పొగుడుతారు?
(నిజామాబాద్)

మీ మాటలో సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోను. ఈ మ్యాప్ తిరగడానికి కట్టింది కాదు, చొరబడటానికి కట్టింది. ఇందులో అసలు కథానాయకులు క్యాంపులు. ఒక్కో స్థావరానికి ఎన్ని వైపుల నుంచి దారులున్నాయో, ఏ బండరాయి వెనక నుంచి ఏ కిటికీ కనపడుతుందో, పొద్దున సాయంత్రం షిఫ్ట్ మారేటప్పుడు ఏ గేటు కాసేపు పలచబడుతుందో చూడండి, అక్కడ ఉంది వాళ్ళ శ్రమ అంతా. మధ్యలో ఉన్న కొండలు, ఇసుక నేల ఎందుకంటే మీరు ఎటు నుంచి వెళ్ళాలో మీరే ఎంచుకోవడానికి. గుర్రం మీద వస్తారా, హెలికాప్టర్ దూరంగా దింపి నడుస్తారా, అట్టపెట్టెలో కూర్చుని సరుకు పార్సిల్‌గా శత్రువు లారీలోనే లోపలికి పోతారా, అన్నీ కుదురుతాయి. ఆఫ్రికాలో ఎంఫిండా ఆయిల్‌ఫీల్డ్ మిషన్ ఒక్కటి మూడు రకాలుగా ఆడి చూడండి, మూడు వేర్వేరు మిషన్లు ఆడినట్టుంటుంది.

ఒప్పుకునే సగం ఇది. 1979 డిసెంబర్ నుంచి 1989 ఫిబ్రవరి దాకా సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లో ఉంది, లక్షల మంది ఇళ్ళు వదిలి పాకిస్తాన్‌కి, ఇరాన్‌కి వెళ్ళిపోయారు. ఊళ్ళు ఖాళీగా ఉండటానికి చరిత్రలో కారణం ఉంది, కానీ గేమ్ ఆ కారణం మనకి తగిలేలా చెప్పదు. కూలిన ఇల్లు కనపడుతుంది, ఆ ఇంట్లో ఉన్నవాళ్ళెవరో తెలీదు, అఫ్గాన్ మనిషి కనపడ్డాడంటే ఎక్కువగా సంకెళ్ళు వేసిన ఖైదీగానే. సోవియట్ గార్డులు చలి గురించి, ఇంటి గురించి మాట్లాడుకుంటుంటే వింటాం, ఆ నేల మీద పుట్టినవాళ్ళ మాట దాదాపు వినపడదు. ఇంత శ్రద్ధగా కట్టిన గేమ్‌లో ఇది నన్ను బాధపెట్టే లోటు, ఎంత ఇష్టమున్నా దీన్ని కప్పిపుచ్చలేను.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్ళు. స్నేహితులు ఆడుతున్నారని ఈ గేమ్ కొనమని ఒకటే గొడవ. దాక్కునే ఆటే కదా, కొనివ్వచ్చా?
(తిరుపతి నుంచి ఒక తల్లి)

ఇప్పుడు వద్దమ్మా. దాక్కునే ఆటే గానీ, ఇందులో చిత్రహింసలు ఉన్నాయి, పిల్లల చేత తుపాకులు పట్టించడం ఉంది, ఆసుపత్రి సీన్లు పెద్దవాళ్ళకే కష్టంగా ఉంటాయి. అమెరికాలో 17 దాటినవాళ్ళకి, యూరప్‌లో 18 దాటినవాళ్ళకి అని రేటింగ్ ఇచ్చారు, ఆ రేటింగ్ ఊరికే ఇవ్వలేదు. బాబుకి దాక్కుంటూ ఆడే మజానే కావాలంటే అన్‌టైటిల్డ్ గూస్ గేమ్ అని ఉంది, 2019లో ఆస్ట్రేలియా వాళ్ళు చేశారు, ఒక బాతు ఊళ్ళోకి దూరి తోటమాలి తాళాలు కొట్టేయడం, టోపీ లాక్కోవడం, అంతే. చూపు ఎటుందో కనిపెట్టడం, దృష్టి మళ్ళించడం, సమయం చూసి దూరడం, స్టెల్త్‌లో ఉండే పాఠాలన్నీ అందులో ఉన్నాయి, మీరూ పక్కన కూర్చుని ఆడొచ్చు.

ప్రశ్న: హాయ్ అండీ, గోస్ట్ ఆఫ్ సుషిమా పూర్తి చేశాను, చాలా నచ్చింది. దీనికీ దానికీ పోలికేంటి?
(డాలస్ నుంచి)

2020లో వచ్చిన సుషిమా నాకూ చాలా ఇష్టమండీ, దారి చూపించడానికి బాణం గుర్తు బదులు గాలి వీయించడం లాంటి అందమైన ఆలోచన ఈ మధ్యకాలంలో చూడలేదు. 1274లో మంగోలులు జపాన్ మీదకి దండెత్తినప్పటి కథ, జిన్ అనే సమురాయ్ వెనక నుంచి పొడవడం నేర్చుకుంటాడు, అది సమురాయ్ పద్ధతి కాదని మేనమామ షిమురా బాధపడతాడు, గొప్ప సంఘర్షణ. కానీ మీరు ఆట మొత్తం ఎదురుగా నిలబడి మర్యాదగా పోరాడినా కథ మిమ్మల్ని గోస్ట్ (దెయ్యంలా చాటుగా దెబ్బకొట్టేవాడు) అనే అంటుంది, పొడుచుకుంటూ పోయినా అదే అంటుంది. కథ ఒక దారిన, మీ చేతులు ఒక దారిన. ఫాంటమ్ పెయిన్‌లో కథ చెప్పే తీరు అంత అందంగా ఉండదు, అతుకులు కనపడతాయి, కానీ మీ చేతులు చేసిన పనే తిరిగొచ్చి కథవుతుంది. ఎలాగో కింది జవాబుల్లో చెప్తాను.

ప్రశ్న: కోజిమా గేమ్ అంటే సినిమాలా ఉంటుందని విన్నాను. ఇందులో స్నేక్ నోరే తెరవడు, కథంతా కాసెట్లలో పెట్టేశారు. గంటలు గంటలు ఆడినా కథ ఎక్కడుందో తెలీట్లేదు.
(ఖమ్మం)

2008లో వచ్చిన నాలుగో భాగం చూసినవాళ్ళెవరికైనా ఇదే అనిపిస్తుంది, అందులో కంట్రోలర్ కింద పెట్టి సినిమా చూసినట్టు చూసేవాళ్ళం. ఇక్కడ ఉల్టా చేశాడు, సీన్లు తగ్గించి, వివరాలన్నీ కాసెట్లలోకి నెట్టాడు. గుర్రం మీద ఒక క్యాంప్ నుంచి ఇంకో క్యాంప్‌కి వెళ్ళేటప్పుడు టేప్ పెట్టుకుని వినండి, నేను అలాగే విన్నాను, ఆ పద్ధతి బాగుంటుంది, ఖాళీ కొండలు కూడా అప్పుడు బరువుగా అనిపిస్తాయి. కొన్ని టేపులు మాత్రం మరీ సాగదీతే, దాచను. దానికి తోడు ప్రతి మిషన్ మొదట్లో ఇందులో ఫలానా ఫలానా వాళ్ళు కనిపిస్తారని పేర్లు వేస్తారు చూశారూ, హఠాత్తుగా వచ్చి భయపెట్టాల్సిన శత్రువు పేరు కూడా ముందే తెరమీద పడిపోతుంది, అది మాత్రం పెద్ద తప్పు.

కానీ కథ కాసెట్లలో మాత్రమే లేదు. మొదట్లో సోవియట్ గార్డుని పట్టుకుని అడిగితే ఏం చెప్పాడో గుర్తుందా, రష్యన్‌లో ఏదో అంటాడు, కింద సబ్‌టైటిల్ రాదు, మీకు అర్థం కాదు. రష్యన్ దుబాసీని వెతికి పట్టుకుని బేస్‌కి పంపాకే వాళ్ళ మాటలు అర్థమవడం మొదలవుతుంది. అఫ్గాన్ ఖైదీల పాష్తోకి ఇంకొకరు కావాలి, ఆఫ్రికాకి వెళ్తే మళ్ళీ మొదటికి, ఆఫ్రికాన్స్‌కి ఒకరు, కికోంగోకి ఒకరు. ఇది ఏదో చిన్న అప్‌గ్రేడ్ అనుకుని దాటేస్తారు చాలామంది. ఈ గేమ్ కథే భాష గురించి, ఎవరి భాష ఎవరి నోట్లో పెట్టారు, భాష పోతే మనిషికి ఏమవుతుంది అన్నదాని గురించి. ఒక్క సీన్ లేకుండా, గార్డు మెడ పట్టుకుని అతని మాట అర్థం కాక నిలబడ్డప్పుడే ఆ కథ మీ చేతుల్లోకి వచ్చేసింది. సీన్లలో వెతుకుతున్నారు కాబట్టి కనపడట్లేదు.

స్నేక్ మాట్లాడకపోవడానికి కూడా కారణం ఉంది, ఆడి తెలుసుకోండి.

ఇక్కడి నుంచి స్పాయిలర్స్. గేమ్ పూర్తి చేయనివాళ్ళు ఇక్కడ ఆపేయండి.

ప్రశ్న: మనకి తోడుగా వచ్చే స్నైపర్ క్వైట్‌ని మిషన్లకి తీసుకెళ్ళి తీసుకెళ్ళి బాండ్ (మన స్నేహం ఎంత పెరిగిందో చూపే మీటర్) మొత్తం నింపాను. ఒక మిషన్ తర్వాత శాశ్వతంగా మాయమైపోయింది. సేవ్ ఫైల్ పాడైందా? తిరిగి తెచ్చుకోవచ్చా?
(బెంగళూరు నుంచి ఒక తెలుగు పాఠకుడు)

సేవ్ ఫైల్ బాగానే ఉంది, అది కథ. 45వ మిషన్ అది. ముందు ప్రాక్టికల్ సంగతి చెప్తాను: తర్వాత ఇచ్చిన అప్‌డేట్‌తో ఆమెని తెచ్చుకునే దారి పెట్టారు, ఆమెతో మొదట పోరాడిన 11వ మిషన్‌ని 7 సార్లు మళ్ళీ ఆడితే రీయూనియన్ అనే కొత్త రూపంలో అది వస్తుంది, అది పూర్తి చేస్తే తిరిగొస్తుంది. ఇంకా ఆ దాకా రానివాళ్ళు మీ ఎంబ్లెమ్‌లో (మన దళం చిహ్నం) సీతాకోకచిలుక బొమ్మ పెట్టుకుంటే ఆ 45వ మిషన్ అసలు రాదు.

కానీ నా మాట వింటే ఆ లోటుని కొన్నాళ్ళు అలాగే ఉంచుకోండి. కథలో విలన్ స్కల్ ఫేస్ తయారుచేసిన పరాన్నజీవులు గొంతులో ఉండి, ఫలానా భాష మాట్లాడితే మేల్కొని చంపేస్తాయి, క్వైట్ గొంతులో ఉన్నవి ఇంగ్లీష్‌కి మేల్కొనేవి. మన బేస్‌లో అందరూ మాట్లాడేది ఇంగ్లీషే, అందుకే నోరు మూసుకుని ఉండిపోయింది, నవాహో అనే అమెరికా ఆదివాసీ భాష తెలిసిన ముసలాయనతో మాత్రం ఆ భాషలో మాట్లాడింది. 45వ మిషన్‌లో మీరు పాము కాటుతో పడిపోయి ఉన్నారు, ఇసుక తుఫానులో హెలికాప్టర్‌కి దారి కనపడదు, పైలట్‌కి తెలిసింది ఇంగ్లీష్. ఆమె మాట్లాడుతుంది. ఆ మాటలు మిమ్మల్ని బతికించాయి, కానీ గొంతులో ఉన్నవి మేల్కొన్నాయి కాబట్టి ఇక ఆమె మనుషుల మధ్య ఉండకూడదు, వెళ్ళిపోయింది. ఇప్పటిదాకా కొండ మీద నుంచి ఆమె కాపలా కాస్తుంటే మీరు నిశ్చింతగా క్యాంపులోకి దిగారు, ఇక దిగేటప్పుడు పైన ఎవరూ లేరు. ఏ సీన్ కూడా చెప్పలేని లోటు అది, ఆటలోంచే ఒక అంగం తీసేసి చెప్పారు.

అంత గొప్ప పాత్రకి ఆ అరకొర బట్టలు వేసి, చర్మంతో ఊపిరి పీల్చుకుంటుంది కాబట్టి అని కారణం కట్టడం మాత్రం నేను ఎన్నటికీ ఒప్పుకోను. అలాగే ఆ మిషన్‌లో స్టెల్త్ గేమ్‌ని పక్కనపెట్టి వరసగా ట్యాంకులతో యుద్ధం చేయించడం కూడా నచ్చలేదు.

ప్రశ్న: చివర ట్విస్ట్ పచ్చి మోసం. ఇన్ని గంటలు బిగ్ బాస్‌గా ఆడి, నువ్వు అతను కాదు, ఎవరో డాక్టరువి అంటే కడుపు మండింది. పైగా కథ సగంలో ఆపేశారు. మీరేమంటారు?
(రాజమండ్రి)

సగంలో ఆగిన మాట నిజమేనండీ. రెండో చాప్టర్‌లో చాలా మిషన్లు పాతవే, కష్టం పెంచి మళ్ళీ ఇచ్చారు. ఈలై అనే పిల్లాడు ఆ పెద్ద రోబో సహేలాంత్రోపస్‌ని ఎత్తుకుని ఎగిరిపోతాడు, తర్వాత ఏమైందో గేమ్‌లో లేదు. దాన్ని ముగించే 51వ మిషన్ పూర్తి కాకుండానే ఆగిపోయింది, కలెక్టర్స్ ఎడిషన్‌తో ఇచ్చిన డిస్క్‌లో సగం బొమ్మలతో, సగం వీడియోతో చూపించారు. అదే ఏడాది చివర్లో కోజిమా ఈ గేమ్ తెచ్చిన కంపెనీ కొనామి నుంచి బయటికొచ్చి డిసెంబర్‌లో సొంత స్టూడియో ప్రకటించాడు. డబ్బు పెట్టి కొన్న మనకి ముగింపు లేని కథ ఇవ్వడం న్యాయం కాదు, మీ కోపంలో ఆ భాగం నాది కూడా.

ట్విస్ట్ దగ్గర మాత్రం మీతో వాదిస్తాను. మొదటి అరగంట గుర్తు తెచ్చుకోండి. సైప్రస్ ఆసుపత్రిలో డాక్టర్ వచ్చి మీ మొహం మార్చాలి అంటాడు, మీరు కూర్చుని కళ్ళు, ముక్కు, దవడ అన్నీ మీకు నచ్చినట్టు చేసుకుంటారు, పేరు అడిగితే మీ పేరు, పుట్టినరోజు అడిగితే మీ పుట్టినరోజు ఇస్తారు. ఆ తర్వాత ఆ మొహం ఎక్కడా కనపడదు, స్నేక్ మొహమే ఉంటుంది. చివర 46వ మిషన్‌లో తెలిసేది ఏంటంటే మీరు చేసుకున్న ఆ మొహమే అసలు మొహం, అది ఆ వైద్యుడిది, బిగ్ బాస్ మొహం తర్వాత పెట్టింది. కట్లు కట్టుకుని మిమ్మల్ని ఆసుపత్రి నుంచి లాక్కుంటూ బయటికి తెచ్చిన ఇష్మాయిలే అసలు బిగ్ బాస్. అంటే మొదటి అరగంటలోనే మీ చేతే నిజం చెప్పించి, దాచి, చివర ఇచ్చాడు. ఆ మిషన్ కోసం ఆసుపత్రి భాగమంతా దాదాపు మొత్తం మళ్ళీ ఆడించడం విసుగే, అయినా చివర్లో స్నేక్ అద్దం ముందు నిలబడ్డప్పుడు నాకు కోపం రాలేదు. అంతసేపూ బిగ్ బాస్ అనుకుని ఆడిన మనిషి నేనే, స్నేక్‌ది కూడా అదే పరిస్థితి, ఇద్దరం ఒకే మోసంలో ఉన్నాం.

నిజానికి ఈ గేమ్ కథకి శిఖరం అది కూడా కాదు, 43వ మిషన్. ఎన్నో రాత్రుళ్ళు క్యాంపుల్లోకి దూరి, గార్డుల్ని పడుకోబెట్టి, బెలూన్ కట్టి తెచ్చుకున్నారు కదా, ఒక్కొక్కడికీ ఒక జంతువు పేరు కలిసిన మారుపేరు, ఏ పనిలో దిట్టో ఒక గ్రేడు. బేస్‌కి వెళ్తే సెల్యూట్ కొట్టేవాళ్ళు. వాళ్ళని క్వారంటైన్ ప్లాట్‌ఫామ్ మీద ఉంచారు, పరాన్నజీవి రూపం మార్చుకుంది, ఒక్కడు బయటికొచ్చినా లోకానికి ప్రమాదం. మీ కళ్ళజోడులో ఎవరికి అంటుకుందో కనపడుతుంది. ఇప్పటిదాకా ఎవర్నీ చంపకుండా ఆడదామనుకున్న మీ చేతికి నిజం తుపాకీ ఇచ్చి, మీ మనుషుల్నే కాల్చమంటారు. మీరు కాల్చిన ప్రతిసారీ ఫలానా పేరు గలవాడు చనిపోయాడని తెరమీద పడుతుంది, ఆ పేరు మీ లిస్టులోంచి నిజంగానే పోతుంది. ఒక గదిలో ఉన్నవాళ్ళు పారిపోరు, వరసగా నిలబడి సెల్యూట్ చేస్తారు. బటన్ మీరే నొక్కాలి, నొక్కేదాకా సీన్ కదలదు. తర్వాత వాళ్ళ చితాభస్మంతో వజ్రాలు చేయించి మిగిలిన సైనికులకి ఇస్తారు.

ఇది సినిమాగా తీస్తే ఏడుస్తాం, అంతే. ఇక్కడ ఆ మనుషుల్ని ఒక్కొక్కరిగా ఎంచి తెచ్చుకున్నది మీరు, కాల్చింది మీరు. దొంగచాటు ఆట అంతా ఎవరినీ గాయపరచకుండా తెచ్చుకోవడం మీద నడిపించి, చివరికి ఆ తెచ్చుకున్నవాళ్ళ మీదే తిప్పాడు. ఈ ఒక్క మిషన్ కోసం రెండో చాప్టర్ లోపాలన్నీ నేను సహిస్తాను.

ప్రశ్న: పూర్తి చేశాను అన్నా, ఇప్పుడు ఏం ఆడాలి?
(కర్నూలు)

1987లో వచ్చిన మొదటి మెటల్ గేర్ ఆడు తమ్ముడూ. ఎమ్మెస్సెక్స్2 అనే చిన్న కంప్యూటర్ కోసం చేశారు, తెర మీద ఎక్కువ శత్రువుల్ని, ఎక్కువ తూటాల్ని అది చూపించలేకపోయేది, అందుకని యుద్ధం చేసే ఆట బదులు యుద్ధం తప్పించుకునే ఆట చేశాడు కోజిమా. పాత మెటల్ గేర్ గేమ్స్ కలిపి 2023లో తెచ్చిన మాస్టర్ కలెక్షన్ మొదటి వాల్యూమ్‌లో అది ఉంది. ఫాంటమ్ పెయిన్ చివర స్నేక్ చేతిలో ఉన్న కాసెట్ మీద ఆపరేషన్ ఇంట్రూడ్ ఎన్313 అని రాసి ఉంటుంది చూడు, ఆ ఆపరేషన్ ఈ 1987 గేమే. గ్రాఫిక్స్ చూసి భయపడకు, అందులో గార్డులు ఎదురుగా సూటిగా ఉన్నదే చూస్తారు, పక్కన నుంచి వెళ్ళిపోవచ్చు, రెండు గదులు దాటేసరికి చెయ్యి అలవాటు పడిపోతుంది. ఔటర్ హెవెన్ కోట చివర్లో బిగ్ బాస్ అని ఒకడు ఎదురొస్తాడు, వాణ్ణి ఓడించాలి. అప్పట్లో ఆడినవాళ్ళకి వాడు ఒట్టి విలన్, వాడెవడో నీకు మాత్రం తెలుసు.